ప్రశ్నపత్రం మీరే రాస్తున్నారు!

అమీర్‌పేటలో మైత్రీవనం చుట్టుపక్కల ఏ జిరాక్సు సెంటర్ దగ్గరైనా ఓ సాయంత్రం కాసేపు నిలబడి చూడండి. ప్రింటర్లోంచి రెజ్యూమెలు వరసగా వస్తూనే ఉంటాయి. పేరూ, ఫోన్ నంబరూ మారతాయంతే. మిగతాదంతా కవల పిల్లలే. పైన ‘కెరీర్ ఆబ్జెక్టివ్’: సవాళ్లున్న సంస్థలో చేరి, నా నైపుణ్యాలతో సంస్థను పెంచుతూ నేనూ ఎదగాలి. మధ్యలో ‘స్ట్రెంగ్త్స్’: హార్డ్ వర్కింగ్, క్విక్ లెర్నర్, టీమ్ ప్లేయర్. కాస్త కిందికి ‘హాబీస్’: పాటలు వినడం, క్రికెట్ ఆడటం. అట్టడుగున ‘ఐ హియర్‌బై డిక్లేర్’ అంటూ ఓ ప్రమాణం.

ఈ వర్డ్ ఫైలు సీనియర్ నుంచి జూనియర్‌కు, జూనియర్ నుంచి అతని రూమ్మేట్‌కు వారసత్వ ఆస్తిలా వస్తుంది. కావాలంటే మీ ఫైలు ప్రాపర్టీస్ తెరిచి చూడండి. ఆథర్ దగ్గర ఎప్పుడో నాలుగేళ్ల కింద పాసైన అన్న పేరు ఇంకా అలాగే ఉండొచ్చు.

అటువైపు కూర్చున్న రిక్రూటర్ సంగతి చూద్దాం. ఒక్క పోస్టుకు వందల రెజ్యూమెలు వస్తాయి. అమెరికాలో ల్యాడర్స్ అనే ఉద్యోగాల వెబ్‌సైట్ 2018లో రిక్రూటర్ల కళ్ల కదలికలను గమనించింది. ఒక రెజ్యూమె మీద వాళ్ల తొలి చూపు సగటున 7.4 సెకన్లే నిలిచిందట. ఈ లెక్కను అందరూ తెగ చెబుతుంటారు. దానికన్నా ముఖ్యమైన సంగతి మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఆ ఏడు సెకన్ల గండం గట్టెక్కాక, అదే కాగితం ఇంటర్వ్యూ చేసే మనిషి చేతిలో అరగంట ఉంటుంది. ఆయనకు మీ ఊరు తెలీదు, మీ కాలేజీ తెలీదు, మీరు ఎంత కష్టపడి చదివారో తెలీదు. తెలిసింది ఆ కాగితమే. కాబట్టి ప్రశ్నలు దాంట్లోంచే వస్తాయి. అంటే ప్రశ్నపత్రం మీరే రాసి ఆయన చేతికిచ్చారన్నమాట! ఎంసెట్ నుంచి గ్రూప్స్ దాకా ఏ పరీక్షలోనైనా ఇలాంటి చాన్స్ దొరికిందా? అలాంటి చాన్సును పక్కింటి వాళ్ల ప్రశ్నపత్రం కాపీ కొట్టడానికి వాడేస్తున్నాం.

‘పైథాన్, జావా, సీ, సీ++, ఎస్‌క్యూఎల్, మెషీన్ లెర్నింగ్, క్లౌడ్’ అని వరసగా పేర్చి పెడితే నిండుగా కనిపిస్తుంది నిజమే. అవతలి వ్యక్తికి అందులో బాగా వచ్చింది మెషీన్ లెర్నింగ్ అనుకోండి, ఆయన వేలు నేరుగా అక్కడే పడుతుంది. రెండో ప్రశ్నకే మనం నీళ్లు నమలడం మొదలవుతుంది. అప్పటి నుంచి మీకు నిజంగా వచ్చిన ఎస్‌క్యూఎల్ మీద కూడా ఆయనకు నమ్మకం పోతుంది. రెండే రాసి రెండూ గట్టిగా చెప్పినవాళ్లు, పది రాసి తడబడినవాళ్ల కన్నా ఎప్పుడూ ముందుంటారు.

ఇప్పుడు చాట్‌జీపీటీ వచ్చాక ఇంకో తంటా. ‘స్పియర్‌హెడెడ్’, ‘లెవరేజ్డ్’ లాంటి మాటలతో రెజ్యూమె మెరిసిపోతోంది. ఏఐ సాయం తీసుకోవడంలో తప్పేం లేదు. స్పెల్లింగులు దిద్దించుకోండి, వాక్యాలు పొట్టి చేయించుకోండి. కానీ మీ నోటితో పలకలేని మాట మీ రెజ్యూమెలో ఉండకూడదు. ‘స్పియర్‌హెడ్ అంటే మీరు సరిగ్గా ఏం చేశారు?’ అని అడిగితే ఏఐ వచ్చి జవాబు చెప్పదు కదా.

ఎరువుల కొట్టు కూడా అనుభవమే

‘మాకు రాయడానికి ఏముంది సార్, ఫ్రెషర్లం’ అంటారు చాలామంది. ఇక్కడే ఆగి చూడాలి. ఓ అమ్మాయిని ఊహించుకుందాం. నల్గొండలో బీకాం కంప్యూటర్స్ చదివింది. హైదరాబాద్‌లో ఓ బీపీవోలో అకౌంట్స్ ఉద్యోగానికి అప్లై చేస్తోంది. రెజ్యూమెలో డిగ్రీ, మార్కులు, ‘ఎంఎస్ ఆఫీస్, ట్యాలీ’, ‘హార్డ్ వర్కింగ్’ అని రాసుకుంది. కాగితం సగం ఖాళీ. ఆ ఖాళీ నింపడానికి హాబీలు.

డిగ్రీ మూడేళ్లూ సెలవులొస్తే ఈ అమ్మాయి ఏం చేసింది? ఊళ్లో మేనమామ ఎరువుల కొట్టులో కూర్చుంది. రైతుల ఆధార్ నంబరు కొట్టి, ఈ-పాస్ మిషన్‌లో వేలిముద్ర వేయించి యూరియా బస్తాలు ఇప్పించింది. బిల్లులు రాసింది. నెలాఖరున జీఎస్టీ లెక్కల కోసం ఆ బిల్లుల్ని ఎక్సెల్లోకి ఎక్కించి ఆడిటర్‌కు పంపింది. మిషన్‌లో చూపించే స్టాకూ, గోడౌన్‌లో ఉన్న బస్తాలూ తేడా వస్తే ఎక్కడ పోయిందో వెతికింది. ఇదంతా రెజ్యూమెలో లేదు. ఎందుకమ్మా అంటే ‘అది జాబ్ కాదు కదండీ, మా మామయ్య కొట్టే’ అంటుంది.

అకౌంట్స్ ఆఫీసుల్లో ఒక పుస్తకం లెక్కను ఇంకో పుస్తకంతో సరిచూసే పనికి రీకన్సిలియేషన్ అని పేరు. ఆ పని చేయడానికే మనుషుల్ని తీసుకుంటారు, జీతాలిస్తారు. ఆ అమ్మాయి మూడు వేసవి సెలవులు చేసింది సరిగ్గా అదే! కాబట్టి రెజ్యూమెలో ఇలా ఉండాలి: ‘కుటుంబ ఎరువుల దుకాణంలో సహాయం, మూడు వేసవి సెలవులు. నెలకు సుమారు 300 బిల్లులు ఎక్సెల్లో నమోదు. ఈ-పాస్ మిషన్ స్టాకును గోడౌన్ స్టాకుతో వారం వారం సరిచూడటం.’ రెండు మూడు వరసలు. ‘హార్డ్ వర్కింగ్’ అనే మాట రాయకుండానే హార్డ్ వర్క్ కనిపించింది. బిల్లుల సంఖ్య నిజంగా ఎంతుంటే అంతే వేయాలి, 80 అయితే 80. చిన్న అంకె అని సిగ్గుపడక్కర్లేదు.

ఆ వరస ఉంటే ఇంటర్వ్యూ ఎలా నడుస్తుందో చూడండి. ఇంగ్లీషులో జరిగిందనుకోండి, మనం తెలుగులో విందాం.

‘స్టాకు తేడా ఎందుకొచ్చేదమ్మా?’

‘లారీ దిగిన రోజు మిషన్‌లో స్టాకు ఎక్కించడం మర్చిపోయేవాళ్లు సార్. బస్తాలు గోడౌన్‌లో ఉండేవి, మిషన్‌లో ఉండేవి కాదు.’

‘మరి మీరేం చేశారు?’

‘లారీ వచ్చిన రోజే ఎక్కించాలని మామయ్యకు చెప్పాను. ప్రతి శనివారం బస్తాలు లెక్కబెట్టి ఎక్సెల్లో రాసేదాన్ని. రెండో నెల నుంచి తేడా వస్తే వారంలోపే దొరికేది.’

‘మామయ్య విన్నారా?’

‘మొదట్లో వినలేదు సార్. ఒకసారి 12 బస్తాల లెక్క తేలక ఆదివారం అంతా కూర్చున్నాం. తర్వాత విన్నారు.’

ఈ జవాబులో గొప్ప ఇంగ్లీషు ఏమీ అక్కర్లేదు. పరిస్థితి ఏంటి, మీ మీద పడిన పని ఏంటి, మీరేం చేశారు, చివరికి ఏమైంది. ఈ నాలుగూ ఉంటే చాలు. ఇంటర్వ్యూ శిక్షణల్లో దీన్నే ‘స్టార్’ పద్ధతి అని ఘనంగా చెబుతారు. మన ఇళ్లలో అమ్మమ్మలు ఏ గొడవ గురించి చెప్పినా ఇదే వరసలో చెబుతారు, పేరు తెలీదంతే! మీకు ఎరువుల కొట్టు లేకపోవచ్చు. కాలేజీ ఫెస్టులో భోజనాల లెక్క చూసి ఉంటారు. ట్యూషన్లు చెప్పి ఉంటారు. డెలివరీ బైకు నడిపి ఉంటారు. ఊళ్లో మీసేవ సెంటర్‌లో కూర్చుని ఉంటారు. వెతకండి.

ఏ పనికి వెళ్తున్నామో ఆ పనికి కావాల్సింది ముందు చెప్పడం కొత్త విద్యేం కాదు. 1482 ప్రాంతంలో లియోనార్డో డా విన్సీ మిలాన్ పాలకుడు లుడోవికో స్ఫోర్జాకు కొలువు కోరుతూ ఓ ఉత్తరం సిద్ధం చేసుకున్నాడు. ఆ పాలకుడికి యుద్ధాల గోల ఎక్కువ. అందుకని తేలిగ్గా మోసుకెళ్లే వంతెనలు కడతాను, కోటల్ని పడగొట్టే ఉపాయాలు తెలుసు అంటూ వరసగా చెప్పుకొచ్చి, బొమ్మలు కూడా వేస్తానని చివర్లో అన్నాడు. మోనాలిసా గీసిన మనిషి!

ఇది పెళ్లి బయోడేటా కాదు

మన రెజ్యూమెల్లో తండ్రి పేరు, పుట్టినతేదీ, మతం, పెళ్లయిందా లేదా, పూర్తి ఇంటి చిరునామా ఇంకా కనిపిస్తూనే ఉన్నాయి. అవన్నీ పెళ్లిళ్ల పేరయ్యకు కావాలి. కంపెనీకి మీ ఊరూ, ఫోనూ, మెయిలూ చాలు. కంపెనీ అడగకపోతే ఫొటో, ఆధార్ నంబరు, పాన్ నంబరు అసలే పెట్టొద్దు. ఆ కాగితం ఎన్ని చేతులు మారుతుందో మనకు తెలీదు. ఫ్రెషర్లకు ఒక్క పేజీ సరిపోతుంది. పరిశోధనల వైపు, విదేశీ పీహెచ్‌డీల వైపు వెళ్లేవాళ్లు పంపే సీవీ వేరు. అది పేపర్లు, ప్రాజెక్టులతో నాలుగైదు పేజీలున్నా పర్లేదు.

ఏటీఎస్ అంటే చాలామందికి భూతం లెక్క భయం. అది అప్లికేషన్లను దాచి, రిక్రూటర్ వెతికిన పదాలున్న వాటిని బయటికి తీసిచ్చే సాఫ్ట్‌వేర్. ప్రకటనలో ‘అకౌంట్స్ పేయబుల్’ అని ఉండి, మీరు చేసిందీ అదే అయితే, ఆ మాటే వాడండి. రెండు కాలమ్‌లు, బొమ్మలు, స్కిల్స్‌కు చుక్కల రేటింగులు ఉన్న రంగురంగుల టెంప్లేట్లలో ఈ సాఫ్ట్‌వేర్ తికమకపడొచ్చు. ఓ చిన్న పరీక్ష చేయండి. మీ పీడీఎఫ్‌లో ఉన్నదంతా సెలెక్ట్ చేసి కాపీ కొట్టి, ఫోన్లో నోట్స్‌లో పేస్ట్ చేయండి. వరస చెడకుండా వస్తే ఫర్వాలేదు. ముక్కలు ముక్కలుగా వస్తే టెంప్లేట్ మార్చేయండి. ఫైలుకు ‘న్యూ రెజ్యూమె ఫైనల్ 2’ అని కాకుండా మీ పేరు, పోస్టు పేరు పెట్టండి.

ఇంకో విషయం, ఇది మన తెలుగువాళ్లకు ప్రత్యేకం. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం. పాన్ కార్డులో పేరు విడమరిచి, ఇంటిపేరు వెనక. డిగ్రీ సర్టిఫికెట్‌లో ఒక ‘హెచ్’ ఎక్కువ. మనకిదంతా ఒకే మనిషి. వెరిఫికేషన్ చేసేవాళ్లకు నలుగురు. ఆఫర్ వచ్చాక ఆధార్ సెంటర్ చుట్టూ తిరగడం కన్నా ఇప్పుడే టెన్త్ మెమోను ప్రమాణంగా పెట్టుకుని మిగతావి సరిచేయించుకోండి. రెజ్యూమెలోనూ అదే పేరు రాయండి.

మూడేళ్ల అనుభవం... అమ్మబడును!

ఇక అసలు ప్రమాదం దగ్గరికి వద్దాం. ఫ్రెషర్‌గా ఎన్ని అప్లికేషన్లు పెట్టినా కాల్స్ రావు. హాస్టల్ ఫీజు పెరుగుతుంటుంది. ఇంటి నుంచి ‘ఏమైందిరా?’ అని ఫోన్. సరిగ్గా అప్పుడు ఎవరో ఒకరు చెవిలో వేస్తారు: ‘మూడేళ్లు ఎక్స్‌పీరియెన్స్ పెట్టేసుకో, లెటర్లు, పే స్లిప్పులు అన్నీ వాళ్లే ఇస్తారు, అందరూ చేసేదే.’ పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు ఓ సీనియర్‌కు నడిచిందని మనమూ దిగుతాం.

అది ఎలా పట్టుబడుతుందో తెలిస్తే ఆ ధైర్యం రాదు. నిజంగా ఉద్యోగం చేసిన మనిషికి మామూలుగా పీఎఫ్ ఖాతా ఉంటుంది, దానికో యూఏఎన్ నంబరు ఉంటుంది. ఏ కంపెనీలో ఏ తేదీన చేరారు, ఏ తేదీన మానేశారు అన్నది ఈపీఎఫ్‌వో సర్వీస్ హిస్టరీలో కనిపిస్తుంది. కొత్త కంపెనీ ముందు అడిగేది అదే. తర్వాత ఫామ్ 16, జీతం పడిన బ్యాంకు స్టేట్‌మెంట్. ఆపైన వెరిఫికేషన్ ఏజెన్సీ పాత కంపెనీకి నేరుగా మెయిల్ పెడుతుంది. ‘పీఎఫ్ కూడా కట్టి చూపిస్తాం’ అనే ఘనులూ ఉన్నారు. అలాంటి ఉత్తుత్తి కంపెనీల జాబితాలు పెద్ద కంపెనీలు సొంతంగా పెట్టుకుంటాయి. మీ అనుభవపత్రం మీద ఆ పేరు కనపడితే చాలు.

పైగా ఈ వెరిఫికేషన్ ఒక్కోసారి ఉద్యోగంలో చేరాక, నెలల తర్వాత పూర్తవుతుంది. అప్పటికి ఇంట్లో స్వీట్లు పంచేసి ఉంటారు, ఈఎంఐ మీద బండి కొనేసి ఉంటారు. ఆ రోజు ల్యాప్‌టాప్ తీసుకుని బయటికి పంపిస్తే, తర్వాతి ఇంటర్వ్యూలో ఆ కొన్ని నెలల గురించి చెప్పడానికి నిజమూ పనికిరాదు, అబద్ధమూ పనికిరాదు. అసలుకే ఎసరు. నకిలీ పత్రాలు తయారుచేయడం, తెలిసీ వాడటం భారతీయ న్యాయ సంహిత కింద నేరం కూడా. డబ్బు తీసుకున్న కన్సల్టెన్సీ బోర్డు అప్పటికి మారిపోయి ఉంటుంది.

ఉద్యోగం ఇస్తామంటూ ట్రైనింగ్ ఫీజు, సెక్యూరిటీ డిపాజిట్, ల్యాప్‌టాప్ చార్జీ అని ముందే డబ్బు అడిగేవాళ్లు ఇంకో బాపతు. వాట్సాప్‌లో ఆఫర్ లెటర్, జీమెయిల్ అడ్రస్ నుంచి హెచ్‌ఆర్ మెయిల్ వస్తే కంపెనీ సొంత వెబ్‌సైట్‌లో ఆ పోస్టు ఉందో లేదో చూడండి. ఇప్పటికే డబ్బు పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి.

మరి గ్యాప్ ఉంటే? చాలామంది దొంగ అనుభవం పెట్టుకునేది దాన్ని కప్పిపుచ్చడానికే. మన దగ్గర గ్యాప్‌లకు కారణాలు ఇంటర్వ్యూ చేసేవాళ్లకు తెలియనివి కావు. తెలంగాణలో 2022 అక్టోబరులో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్ పేపర్ లీకేజీతో రద్దయింది. 2023 జూన్‌లో మళ్లీ పెడితే హైకోర్టు తీర్పుతో అదీ రద్దయింది. ఆ రెండేళ్లు అశోక్‌నగర్ రూముల్లో గడిపినవాళ్లు ఎంతమంది! ‘గ్రూప్స్‌కు చదివాను, రాలేదు, ఆర్నెల్ల కిందట ఆపేసి ఈ కోర్సు చేశాను, ఈ ప్రాజెక్టు పూర్తిచేశాను’ అని సూటిగా చెప్పేయండి. రెండు వాక్యాల్లో ముగించి ఇప్పుడేం చేస్తున్నారో దాని మీదికి వచ్చేయాలి. పరీక్షల వ్యవస్థ మీద పది నిమిషాల ఆవేదన మాత్రం వద్దు, ఎంత న్యాయమైనా సరే.

‘మైసెల్ఫ్...’ దగ్గర ఆగండి

‘టెల్ మి అబౌట్ యువర్‌సెల్ఫ్’ అనగానే గుక్క తిప్పుకోకుండా ‘మైసెల్ఫ్ ఫలానా, ఐ యామ్ ఫ్రమ్ ఫలానా, మై ఫాదర్ ఈజ్ ఫార్మర్, మై మదర్ ఈజ్ హౌస్‌వైఫ్’ అని అప్పజెప్పేస్తాం. నాన్న రైతని చెప్పుకోవడం గర్వమే. కానీ ఆ ప్రశ్నకు జవాబు అది కాదు. అడిగింది మీ గురించి. ఏం చదివారు, ఈ ఉద్యోగానికి దగ్గరగా ఏ పని చేశారు, ఇక్కడికి ఎందుకొచ్చారు. నిమిషంన్నర చాలు. చివరి వాక్యం మీకు బాగా తెలిసిన విషయం మీద ఆపండి. ఎరువుల కొట్టు అమ్మాయి ‘స్టాకు లెక్కలు సరిచూడటం దగ్గరే నాకు అకౌంట్స్ మీద ఇష్టం కలిగింది’ అని ఆపిందనుకోండి, తర్వాతి ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుందో వేరే చెప్పాలా?

ఇంగ్లీషు భయం పెద్దది. తెలుగు మీడియం వాళ్లకే కాదు, కార్పొరేట్ కాలేజీల్లో చదివి నోరు తెరిచే అవకాశమే రానివాళ్లకూ ఉంటుంది. దానికి పుస్తకం కన్నా ఫోన్లో వాయిస్ రికార్డర్ మేలు. రెజ్యూమెలో ఒక్కో వరస మీద వేలు పెట్టి, ‘ఎందుకు చేశావు, ఎలా చేశావు, ఏం తప్పు జరిగింది’ అని మీరే అడుక్కుని జవాబు రికార్డు చేయండి. వినండి. మొదటి రోజు మీ గొంతు మీకే నచ్చదు. పర్లేదు, నాలుగో రోజుకు అలవాటవుతుంది. బట్టీ పట్టొద్దు. పొట్టి వాక్యాలు చాలు. ప్రశ్న అర్థం కాకపోతే మళ్లీ చెప్పమని అడగడం తప్పు కాదు. తెలియకపోతే తెలీదని చెప్పి, ‘నేనైతే ఇలా వెతుకుతాను’ అని ఒక ముక్క జోడిస్తే, ఖాళీగా వదిలేసినట్టుండదు.

వీడియో ఇంటర్వ్యూ అయితే వెలుతురు మొహం మీద పడేలా కిటికీకి ఎదురుగా కూర్చోండి. ఫోన్‌ను చేత్తో పట్టుకోకుండా కళ్ల ఎత్తులో దేనికైనా ఆనించండి. నోటిఫికేషన్లు ఆపేయండి. హాస్టల్ రూములో ఆ గంట ఎవరూ రాకుండా స్నేహితుల్ని ముందే బతిమాలుకోండి. తెలియని నంబరు నుంచి కాల్ వస్తే ‘ఎవర్రా?’ అనే అలవాటు ఈ సీజన్‌కు మానేయాలి.

జీతం మాట వచ్చేటప్పటికి మనవాళ్లు మొహమాటపడతారు. ఆఫర్‌లో 3.6 లక్షల సీటీసీ అంటే నెలకు 30 వేలు చేతికొస్తాయని అమ్మకు చెప్పేయకండి. ఉదాహరణకు బేసిక్ 15 వేలు అనుకుంటే, కంపెనీ కట్టే పీఎఫ్ 1,800, గ్రాట్యుటీ 720 దాకా ఆ 30 వేలలోనే కలిసి ఉంటాయి. మీ వాటా పీఎఫ్ ఇంకో 1,800, వృత్తి పన్ను 200 పోతాయి. చేతికి అందేది సుమారు 25 వేల 500. ఇన్సూరెన్స్, వేరియబుల్ పే కూడా అందులోనే కలిపితే ఇంకా తగ్గుతుంది. చేతికి ఎంత వస్తుంది, బాండ్ ఉందా, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసుకుంటారా అన్న మూడు ప్రశ్నలు హెచ్‌ఆర్‌ను మర్యాదగా అడగొచ్చు. అడిగినందుకు ఆఫర్ వెనక్కి తీసుకునే కంపెనీ అయితే, ఆ సంగతి చేరకముందే తెలియడం మంచిది.

ఇంటర్వ్యూ అయిపోయాక బయటికొచ్చి ముందు ఇంటికి ఫోన్ చేయకండి. మెట్రో ఎక్కేలోపు ఫోన్లో నోట్స్ తెరిచి, అడిగిన ప్రశ్నలన్నీ గుర్తున్నంత వరకు రాసుకోండి. ఏ ప్రశ్న రెజ్యూమెలో ఏ వరస నుంచి వచ్చిందో పక్కనే పెట్టండి. తడబెట్టిన వరస ఉంటే రెండే దారులు. వారంలో దాన్ని గట్టిగా నేర్చుకోవడం, లేదా ఆ రాత్రికే తీసేయడం. తర్వాతి ఇంటర్వ్యూకు వెళ్లేది ఆ కొత్త కాగితం.